దేవమ్మ డాబా మీది తెల్ల కాగితాలు

"నేను ఎవరితోనూ కుమ్మక్కు కాలేదు సార్. నా మాట నమ్మేవాళ్లే లేరు."

కుర్చీ చూపించినా కూర్చోకుండా అంది ఆ అమ్మాయి. పేరు కృప, ఊరు కోదాడ. సూర్యాపేట బస్టాండు ఎదుటి మేడ మీది ఆ డిటెక్టివ్ ఆఫీసుకు భయంతో వచ్చేవాళ్లు మనీషాకు కొత్త కాదు. అయినా, ఫైలును గుండెకు హత్తుకుని నిలబడిన కృపను చూస్తే ఆమెకు జాలేసింది.

మనీషా సహాయకురాలిగా పనిచేసే డిటెక్టివ్ పేరుకే పర్వతాలు, మనిషి రివట. పోలీసుల క్లూస్ టీములో ఇరవై ఏళ్లు చేసి బయటికొచ్చాడు. ఆయన కునుకు తీస్తున్నా ఆలోచిస్తున్నాడనే అనుకుంటుంది మనీషా. అంత గురి.

"కూసోమ్మా. మొదటిసంది చెప్పు," అన్నాడు పర్వతాలు.

మేళ్లచెరువు దగ్గర సిమెంటు లారీలు తిరిగే ఒక ఊళ్లో, గాలిలోని దుమ్ము జనం ఊపిరితిత్తులను ఏం చేస్తోందని పరిశోధన జరుగుతోంది. మూడు డాబాల మీద మూడు యంత్రాలు పెట్టారు. అవి పగలంతా గాలి పీలుస్తుంటే లోపలి తెల్ల కాగితం మీద దుమ్ము పేరుకుంటుంది. సాయంత్రం ఐదింటికి కృప కాగితాలు మార్చి, ఫోటోలు ఫైల్లో పెట్టుకుని, వాటిని హైదరాబాదు పంపుతుంది. రెండు యంత్రాల కాగితాలు బూడిద రంగులో వస్తున్నాయి. లారీల రోడ్డుకు ఆనుకునే ఉన్న దేవమ్మ డాబా మీదిది మాత్రం దాదాపు తెల్లగానే ఉంటోంది.

"లారీల ఓనరు జగదీశ్ గారి బండి మీద ఒకసారి బస్టాండుకి వచ్చాను. అందుకని, ఆయన లారీల దుమ్ము బయటపడకుండా అసలు కాగితాలు మార్చేస్తున్నానంటున్నారు ఈ పరిశోధన నడిపే మా హరీష్ సార్. సోమవారం నన్ను తీసేస్తారంట. ఈ మచ్చ పడితే నాకింకెవరు ఉద్యోగం ఇస్తారు సార్?"

పర్వతాలు ఫైలు తిప్పాడు. రెండుచోట్ల ఆగాడు.

"ఆదివారం కాగితాలు చూడు మనీషా."

చూసింది. దేవమ్మ డాబాలో ఆదివారాల కాగితాలు మాత్రం మిగతా రెండు యంత్రాల వాటిలాగే బూడిద రంగులో ఉన్నాయి.

"ఆదివారం లారీలు ఎక్కువ తిరుగుతాయేమో సార్?"

"దినాం ఒక్కతీరే తిరుగుతయి," అన్నాడాయన, ఇంకో పేజీ మీద వేలు పెట్టి. "పన్నెండో తారీకు నుంచి పద్నాలుగు దాకా ఈ సంతకం ఎవలదమ్మా?"

"హరీష్ సార్‌ది. నాకు జ్వరమొస్తే ఆయనే మార్చారు."

మర్నాడు సాయంత్రం ఆరింటికి ఆ డాబా ఎక్కారు. దేవమ్మ ఎదురొచ్చి చాయ్ పెట్టింది. నీళ్ల ట్యాంకు మీద వేలెడు మందాన దుమ్ము. పక్కనే యంత్రం పెళ్లికూతురిలా తళతళలాడుతోంది. పర్వతాలు దాన్నీ ట్యాంకునూ మార్చి మార్చి చూసి, చాయ్ తాగి దిగిపోయాడు.

సోమవారం పదకొండింటికి అందరినీ దేవమ్మ వాకిట్లోకి పిలిపించాడు. జగదీశ్ రావడమే మండిపడుతూ వచ్చాడు.

"ఎండల నిలబడ్డదని బండెక్కించుకున్న సార్. గదే తప్పయితే ఇగ ఎవ్వల్నీ ఎక్కించుకోను!"

"నిప్పు లేనిదే పొగ రాదు," అన్నాడు హరీష్. "కాగితం ముట్టుకునేది కృప ఒక్కతే."

"పన్నెండు నుంచి పద్నాలుగు దాకా ముట్టుకున్నది మీరు," అన్నాడు పర్వతాలు. "ఆ మూడు కాగితాలూ తెల్లగనే ఉన్నయి. మరి దొంగ మీరే కావాలె గద?"

కృప మొదటిసారి తలెత్తింది.

"కాగితాలు ఎవ్వలూ మార్చలే. పగలు దుమ్మే లోపలికి పోతలేదు. ఆదివారం మాత్రం పోతున్నది. అంటే అడ్డుపడే మనిషి ఆదివారం ఇంట్ల ఉండరు. దేవమ్మా, ఆదివారం యాడికి పోతవు?"

"చర్చికి సారూ. ప్రార్థన అయినంక మా అక్కోళ్లింట్ల ఉండి చీకటికొస్త."

"పైకి పోదాం పదండి."

యంత్రం మీద తడిపి పిండిన పాత చీర చక్కగా కప్పి ఉంది. పక్కన, గుడ్డ పిండిన నీళ్లతో బకెట్టు. పర్వతాలు పైనీళ్లు మెల్లగా వంపాడు. అడుగున బూడిద రంగు బురద మిగిలింది.

"మీ కాగితాల మీద పడాల్సిన దుమ్ము ఇది సార్."

దేవమ్మ బెదిరిపోయింది. "ఈ హరీష్ సారే అన్నడు, శానా ఖరీదైన మిషిను, కన్నబిడ్డ లెక్క సూసుకోమని. లారీల దుమ్ము దాని మీద పడ్తుంటే పానం ఒప్పలే. పొద్దున కప్పుత. కృపమ్మ వచ్చేసరికి మురికి గుడ్డ కనబడొద్దని నాలుగింటికి తీసి, పిండేసి తుడుస్త."

"కప్పకూడదమ్మా," అన్నాడు హరీష్ నీరసంగా. "దుమ్ము పీల్చడానికే దాన్ని పెట్టాం."

"దుమ్ము పీల్వనీకా?" దేవమ్మ అందరి మొహాలూ చూసింది. "గంత పని మేం జేస్తలేమా సారూ, ఇన్నేండ్ల సంది?"

హరీష్ సిగ్గుపడ్డాడు, నిజంగానే సిగ్గుపడ్డాడు. ఆ యంత్రం దేనికో ఆమెకు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. అందరి ముందూ కృప వైపు తిరిగి, "తప్పు నాది. క్షమించమ్మా. రేపటి నుంచి మళ్లీ మొదలుపెడదాం. నువ్వే ఉండాలి," అన్నాడు. కృపకు ఏడుపు ఆగలేదు. మనీషాకూ ఆగలేదు గానీ, పర్వతాలు చూస్తాడని మొహం అటు తిప్పుకుంది.

మర్నాడు సాయంత్రం ఐదింటికి కృప కాగితం తీసి ముందు దేవమ్మకే చూపించింది. దేవమ్మ దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

"ఇదంత ఒక్క దినందేనా బిడ్డా?"

"ఒక్కరోజుదే పెద్దమ్మా."

"ఇంక ఎన్ని దినాలు తీస్తవు?"

"తొంభై."

"తియ్యి," అంది దేవమ్మ. "ఒక్కటి గూడ ఇడువకుండ తియ్యి. అవి సూసే పెద్దసార్లు ఎవలో, ఆడికి నన్ను గూడ తోలుకపో."