మొద్దు నిద్ర వంశం

"మీ ఇంట్లో ఆపరేషన్ తర్వాత ఎవరికైనా మెలకువ రావడం ఆలస్యమైందా?"

తల ఎత్తకుండానే అడిగింది మత్తు డాక్టరు. నా గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తీసే ముందు ఈవిడ సరేననాలట. ఎవరో పెద్దావిడ ఉంటుందనుకుని వస్తే, తీరా చూస్తే నా ఈడు అమ్మాయి. జారిపోతున్న కళ్ళజోడుని మాటిమాటికీ వేలితో పైకి తోసుకుంటోంది. అది చూశాక నా నోరు ఊరుకుంటుందా?

"ఆపరేషన్ దాకా ఎందుకండీ, మా వంశంలో మామూలు రోజుల్లోనే ఎవరూ టైముకి లేవరు."

"అడిగినదానికి చెప్పండి. ఏం చేస్తుంటారు మీరు?"

"లిఫ్టులు రిపేరు చేస్తాను. మనుషుల్ని పైకి పంపే పని. మీలాగే."

పక్కనున్న అత్తయ్య నా తొడ గిల్లింది. అత్తయ్యంటే మా నాన్న చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. డాక్టరు నవ్వలేదు సరికదా, పెన్ను కింద పెట్టేసింది.

"మీకిదంతా ఆటగా ఉందా?"

"అయ్యో, నిజమేనండీ! మా తాతకి హెర్నియా ఆపరేషన్ పొద్దున చేస్తే చీకటిపడ్డాక కళ్ళు తెరిచాడు. అత్తయ్య సంగతి ఇంకా ఘోరం. సిజేరియన్ చేశాక, చుట్టాలంతా బిడ్డని చూసి ఇళ్ళకి వెళ్ళిపోయినా ఈవిడ లేవలేదు. ఇప్పటికీ ఇంట్లో అందరూ మొద్దు నిద్ర అని..."

ఆమె నన్ను వదిలేసి కుర్చీని అత్తయ్య వైపు తిప్పుకుంది.

"అమ్మా, అప్పుడు మీకు మాటలు వినిపించాయా?"

అత్తయ్య ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

"వినిపించాయి తల్లీ. అన్నీ వినిపించాయి. నా బిడ్డ ఏడుస్తోంది. ఎత్తుకుందామంటే చెయ్యి కదలదు, చూద్దామంటే రెప్ప లేవదు. తర్వాత చెప్తే, మత్తులో కలగన్నావు పొమ్మన్నారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, నేనూ వాళ్ళతో కలిసి నవ్వేసేదాన్ని."

"కల కాదమ్మా. అది నిద్రే కాదు. ఆపరేషన్‌కి ఒళ్ళు కదలకుండా ఒక మందిస్తాం. చాలామందికి కాసేపట్లోనే దాని పని అయిపోతుంది. కానీ ఆ మందుని విరిచే గుణం కొందరి రక్తంలో పుట్టుకతోనే తక్కువ. వాళ్ళకి గంటల తరబడి దిగదు. తాతల నుంచి వచ్చేదది. ఇందులో మీ తప్పేం లేదు."

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం కుర్చీ అంచుకి జరిగాను.

"అయితే నేను... లేవనా?"

"రక్తపరీక్ష చేద్దాం. మీకూ అలాగే ఉంటే ఆ మందు జోలికే పోను, వేరేది ఇస్తాను. మీరు లేచేదాకా అక్కడే ఉంటాను, సరేనా?"

నాకూ అలాగే ఉందని తేలింది. ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిస్తే ముందు కనిపించింది ఆ కళ్ళజోడే.

"ఉన్నారా?" అన్నాను.

"ఉంటానన్నాను కదా," అని మొదటిసారి నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

ఇంటికి పంపేటప్పుడు, "మీ రక్తసంబంధీకులందరికీ ఈ పరీక్ష చేయించండి," అంది. అంతకన్నా కావలసిందేముంది? అందర్నీ ఒకేసారి తీసుకెళ్ళొచ్చు. కానీ ఒక్కొక్కర్నే తీసుకెళ్ళాను. పెదనాన్నని తీసుకెళ్ళిన రోజు వాన పట్టుకుంటే, ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె గొడుగు కింద నేను సగం తడుస్తూ బస్టాపు దాకా వెళ్ళాను. "మీ పెదనాన్నగారు ఏమైపోయారు?" అని ఆమె అడిగేదాకా ఆయన గుర్తే రాలేదు.

ఆఖరికి ఒకాయన్ని తీసుకెళ్తే అనుమానంగా చూసింది.

"ఈయన మీకేమవుతారు?"

"బాబాయి."

"మీ నాన్నగారి తమ్ముడా?"

"అంటే... మా పిన్ని భర్త."

"మరి ఈయన రక్తంతో మీకేం పనండీ?"

"నేనూ అదే మొత్తుకుంటున్నానమ్మా, వినడే!" అంటూ బాబాయి చొక్కా చెయ్యి దించుకుని బయటికి నడిచాడు.

ఆమె పగలబడి నవ్వింది. ఇదే అదననుకుని చెప్పేశాను. "చుట్టాలు అయిపోయారండీ. మిమ్మల్ని చూడకుండా ఉండలేకపోతున్నాను. మీరంటే నాకు ప్రాణం."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"మీరు చెప్పేవాటిలో ఏది జోకో, ఏది నిజమో నాకెలా తెలియాలి?"

బాబాయి కోసమన్నట్టు నేనూ బయటికి వచ్చేశాను. ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకున్నాను. అత్తయ్య గుచ్చి గుచ్చి అడిగితే అంతా కక్కేశాను. మర్నాడు ఆవిడ చెప్పులేసుకుని, "పద," అంది.

ఆసుపత్రి కారిడార్‌లో డాక్టరుకి ఎదురెళ్ళి నిలబడింది.

"అమ్మా, నా ఇంట్లోవాళ్ళే నమ్మని మాట ఆ రోజు నువ్వు నమ్మావు. ఇంకొక్క మాట నమ్ముతావా? వీడు నిన్నటి నుంచి తిండి ముట్టలేదు. ఒక్క జోకు కూడా వెయ్యలేదు. వీణ్ణి పెంచినదాన్ని, నాకు తెలుసు. నువ్వంటే వీడికి నిజంగానే ప్రాణం."

ఆమె నా వైపు చూసింది. కళ్ళజోడు జారినా సర్దుకోలేదు.

"నిజమేనా?"

"నిజమేనండీ."

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని, అత్తయ్య చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"మీ మాట నమ్మకుండా ఎలా ఉంటాను, అత్తయ్యా?"

అత్తయ్యా అందా? సరిగ్గానే విన్నానా అని అత్తయ్య వైపు చూశాను. ఆవిడ అప్పటికే ఏడుస్తోంది.