ఖాళీగా వదలాల్సిన గడి

అరవై మూడేళ్ల మోకాళ్లతో మెట్లు రెండేసి చొప్పున దిగకూడదు.

దిగుతున్నాడు!

ఐదో అంతస్తు... నాలుగు... మూడు... లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేదు. సాయంత్రం ఐదూ ఇరవై. ఆరింటికి లైబ్రరీలో ఒక రిపోర్టరు అతని మేనకోడలి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఈలోగా ఆమె దగ్గరికి ఇంకెవరైనా వెళ్తే...

తప్పు అతనిదే. వేరెవరి మీదికీ నెట్టే వీల్లేదు.

నాలుగు నిమిషాల క్రితం ఫోన్ మోగింది. కొత్త ల్యాండ్‌లైన్ నంబరు. లాండ్రీ మెషీన్ల హోరులోంచి మేనకోడలి గొంతు.

"మామయ్యా, మెయిల్ తెరుచుకోవట్లేదు. పాస్‌వర్డ్ తప్పంటోంది!"

"తిన్నగా కొట్టు. తొందరెక్కువ నీకు."

"ఏడుసార్లు కొట్టాను. నువ్వు నేర్పిందేగా? ఆరు మాటలు, గాడిదతో మొదలై గొడుగుతో ముగుస్తుంది. చచ్చినా మర్చిపోను."

"ఇంతకుముందు ఎప్పుడు తెరిచావు?"

"మూడింటికి. బాగానే తెరుచుకుంది."

అప్పుడు తట్టింది.

"అమ్మడూ... నీ పాత మెయిల్ ఎక్కడైనా తెరిచి ఉందా?"

"ల్యాబ్ కంప్యూటర్లో. అక్కడెప్పుడూ తెరిచే ఉంటుంది. ఎందుకు?"

ఎందుకంటే...

ఆమె ఇంజక్షన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ల్యాబ్ టెక్నీషియన్. పరీక్షలో తప్పిన సీసాలను పాసైనట్టు రాసిన రిజిస్టరుకి ఫొటోలు తీసింది. నాలుగు రోజుల క్రితం ఇద్దరు మనుషులు ఆమెను వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. ఒకడు యూనిఫాంలో ఉన్నాడు. పోలీసుల దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన ఆ రోజే పోయింది. రిపోర్టరే తనకు తెలిసిన లాండ్రీ వెనక గదిలో ఆమెను దాచింది.

ఆ రిపోర్టరుతో పిల్ల నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నిటికీ దారి వేసింది అతను. ముప్ఫై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేశాడు. ఒక్క కవరు కూడా విప్పి చూడలేదు. ఆ గర్వం రిటైరయ్యాక కూడా పోలేదు.

"ఊరికే ఇచ్చే మెయిల్లో రాయడమంటే పోస్టుకార్డు మీద రాయడమే," అని ఇంట్లోవాళ్ల చెవులు చిల్లులు పడేలా చెప్పాడు. "ఇది వేరు. తాళం నీ దగ్గరే ఉంటుంది. నడిపే కంపెనీవాడు కూడా చదవలేడు."

అది నిజం. అందులో అతిశయోక్తి లేదు.

కానీ అకౌంటు తెరిచేటప్పుడు ఫారం చివర ఒక గడి వచ్చింది. రికవరీ అడ్రస్. ఖాళీగా వదిలేయవచ్చని పక్కనే రాసి ఉంది. పిల్ల పాస్‌వర్డ్ మర్చిపోతుందేమోనని అందులో ఆమె పాత మెయిల్ అడ్రస్ కొట్టాడు.

తన చేత్తో!

కొత్త ఇంటికి ఉక్కు తలుపు పెట్టించి, తాళంచెవి తీసుకెళ్లి దొంగ గూట్లో పెట్టాడు. ల్యాబ్‌లో ఎవడో పాత మెయిల్ ముందు కూర్చున్నాడు. 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' అన్న చోట ఒక్క నొక్కు నొక్కాడు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు ఆ పాత మెయిల్‌కే వచ్చింది. అంతే...

"మామయ్యా, ఉన్నావా?"

"ఉన్నా. అక్కడే ఉండు. గడియ పెట్టుకో. ముందు ఆవిడ్ని తప్పించి, తర్వాత నీ దగ్గరికి వస్తా. నాకు తప్ప ఎవరికీ తీయకు."

"నువ్వు భయపడుతున్నావా?"

"నోర్మూసుకుని గడియ పెట్టుకో!"

పెట్టేశాడు.

వీధిలోకి వచ్చాడు. టాక్సీ!

"లైబ్రరీ. త్వరగా!"

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "పుస్తకం తిరిగివ్వడం లేటయిందా పెద్దాయనా?"

"చాలా లేటయింది. పోనివ్వు!"

రిపోర్టరుకి మెయిల్ కొట్టాడు. లైబ్రరీకి వెళ్లకండి. పంపాడు. పంపాక గుర్తొచ్చింది... ఆమె ఫోన్‌లో మెయిల్ ఉండదు. తీసేయమన్నది తనే. నంబరు? లేదు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవద్దన్నది తనే!

ఎన్ని నియమాలు పెట్టాడు! అన్నీ ఇవాళ అతని మీదే తలుపులు మూస్తున్నాయి.

ఆలోచించు... కంగారుపడితే తర్కం పనిచేయదు. పాస్‌వర్డ్ అలా మారిస్తే పాత ఉత్తరాలు తెరుచుకోవు. అది ఈ మెయిల్‌కున్న కట్టుదిట్టం. లైబ్రరీ అని రాసింది పొద్దున. అంటే దొంగకి లైబ్రరీ సంగతి తెలియదు.

తెలియదు!

సీటుకి జారబడ్డాడు. మరుక్షణమే మళ్లీ లేచి కూర్చున్నాడు. చదవలేడు సరే. కానీ ఎవరెవరికి రాసిందో పైన పేర్లు కనబడతాయి. ఆమె పేరుతో వాళ్లకి రాయగలడు...

"ఇంకొంచెం తొక్కు బాబూ!"

"తొక్కితే ముందున్న బస్సెక్కుతుందండీ!"

ఐదూ నలభై ఎనిమిది. లైబ్రరీ. తలుపు తోసుకుని రీడింగ్ హాల్లోకి దూసుకెళ్లాడు. పొడవైన బల్లలు... వంగిన తలలు... కిటికీ పక్కన పొట్టి జుట్టు, నీలం సంచీ. మేనకోడలు చెప్పిన గుర్తులే.

ఒంటరిగా ఉంది. క్షేమంగా ఉంది!

 ఎదురు కుర్చీలో కూలబడ్డాడు.

"నేను ఆ పిల్ల మామయ్యని. లేవండి. వెనక గుమ్మంలోంచి పోదాం."

రిపోర్టరు కదల్లేదు. మనిషిని చూసే తీరులోనే ప్రశ్న ఉంది. "గుర్తు చెప్పండి."

"గాడిద... గొడుగు. పిల్ల మీకు చెప్పిన గుర్తు ఇదేగా? తన పాస్‌వర్డ్ మొదలూ చివరా. ఆ పాస్‌వర్డ్ ఇక పనికిరాదు. ఆమె మెయిల్ ఎవరి చేతిలోనో ఉంది."

"ఎప్పటి నుంచి?"

"మూడు తర్వాత ఎప్పుడో. మీకేమైనా మెయిల్ వచ్చిందా?"

రిపోర్టరు నీలం సంచీ దగ్గరికి లాక్కుంది.

"నాలుగుంపావుకి వచ్చింది. బయల్దేరే ముందు చూశాను."

"లైబ్రరీ గురించి అడిగారా?"

"లేదు..." ఆమె ఒక్కో మాటా గుర్తుచేసుకుంది. "లైబ్రరీ మాటే లేదు. కొరియర్‌లో బట్టలు తెప్పించుకోవాలి, నేనున్న చోటి అడ్రస్ సరిగ్గా తెలియదు, రాసి పంపండి అని అడిగింది."

హాల్లో ఎవరో పేజీ తిప్పారు.

"మీరు..."

"పంపాను. డోర్ నంబరుతో సహా. వెనక సందులోంచి రావాలని కూడా రాశాను." ఆమె అతని వైపు వంగింది. "ఆ పిల్ల అడ్రస్ నుంచే వచ్చింది కదండీ! ఆ మెయిల్లో వేరెవరూ దూరలేరని... ఆమెతో మీరే చెప్పారట."

చెప్పాడు.

చెప్పడమే కాదు, నమ్మించాడు. దేన్నీ సరిచూడకుండా నమ్మొద్దని లోకానికి పాఠాలు చెప్పిన మనిషి, తన మాటను మాత్రం ఎవరూ సరిచూడనక్కర్లేదు అనుకున్నాడు!

"అయితే తప్పు నాదేనా?" అంటోంది రిపోర్టరు.

"మీది కాదు."

వాళ్లకి కావలసింది లైబ్రరీ కాదు. లాండ్రీ! గంటన్నర క్రితమే తెలుసు వాళ్లకి. పిల్ల ఫోన్ చేసినప్పుడు పారిపొమ్మని ఒక్క మాట అనుంటే సరిపోయేది. కదలకుండా అక్కడే ఉండమన్నాడు. తన కోసం ఆగమన్నాడు.

ఫోన్ తీశాడు. ఇందాక వచ్చిన ల్యాండ్‌లైన్ నంబరు. నొక్కాడు.

రింగు... రింగు... రింగు...

ఎత్తారు!

"హలో! ఎవరు?" మేనకోడలే! బతికే ఉంది!

"అమ్మడూ, నేను! వెంటనే బయటికి..."

"గట్టిగా మాట్లాడండి! మెషీన్ల మోతలో ఏం వినబడట్లేదు!"

"పారిపో! ముందు వైపు నుంచి పారిపో!"

హాలంతా అతని వైపు తిరిగింది. లైబ్రేరియన్ లేచి వస్తోంది.

"అయ్యో, ఏం వినబడట్లేదండీ." ఫోన్ అవతల ఆమె గొంతులో హడావుడి... నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కాస్త నవ్వు. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి. వెనక తలుపు కొడుతున్నారు. మా మామయ్య వచ్చాడు."

"నేను కాదు! తీయకు! తీయకు!!"

రిసీవరు బల్ల మీద పెట్టిన టక్కు.

దూరంగా వెళ్తున్న చెప్పుల చప్పుడు.

గడియ తీసిన శబ్దం.