గరిడేపల్లిలో మంచు

"కదలకే నీలా! కార్డు సక్కగ పట్టుకో!"

"చెయ్యి గుంజుతున్నదే," అంది పక్క తండా నుంచి వచ్చిన స్నేహితురాలు నీలా. అయినా కార్డును ఇంకాస్త పైకెత్తింది.

శాంతకుమారికి ఆ మాట వినపడనే లేదు. ఆరో తరగతి చదివే ఆ పిల్లకు ఆ రోజు ఆకలీ లేదు, దప్పికా లేదు. గరిడేపల్లిలో వాళ్లింటి అరుగు మీద అమ్మ దాచుకున్న దుప్పటి పరిచి ఉంది. రేపు సాయంత్రం చర్చి ముందు పిల్లలు వేసే క్రిస్మస్ నాటకానికి అదే వెనక తెర!

ఏటా ఆ తెరను కోదాడ నుంచి కిరాయికి తెచ్చేవారు. ఈసారి సండే స్కూల్ ఏసమ్మ టీచర్ పట్టుబట్టి, "మా శాంత గీస్తది" అని పెద్దలతో చెప్పింది. పెద్దలు సరేనంటూనే ఒక మెలిక పెట్టారు. తెర బాగా కుదరకపోతే రేపు పొద్దున్నే కోదాడకు మనిషిని పంపుతారట.

అందుకే ఒక్క తప్పు కూడా రాకూడదని శాంతకుమారి పంతం పట్టింది. నాన్న పనిచేసే మిర్యాలగూడ రైస్ మిల్లుకు ఎక్కడి నుంచో వచ్చిన గ్రీటింగ్ కార్డు దొరికింది. దాని మీద యేసు పుట్టిన పశువుల పాక ఉంది. పాక చుట్టూ కొసలు తేలిన చెట్లు. కప్పు మీద, నేల మీద, చెట్ల మీద తెల్లటి మంచు.

తెల్ల దుప్పటిని ముందే నీలిమందులో ముంచి ఆరేస్తే ఆకాశం రంగు వచ్చేసింది. వేపపుల్ల కొస నమిలితే కుంచె తయారైంది. బొగ్గుపొడితో చెట్లు వేసింది. సున్నంలో తుమ్మబంక కలిపి మంచు వేసింది. గీత గీతకూ తలెత్తి కార్డు వైపు చూసింది.

మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయింది. ఇద్దరూ కలిసి దుప్పటిని దండెం మీద ఆరేశారు.

"అచ్చం కార్డే!" అని నీలా చప్పట్లు కొట్టింది.

ముందుగా చూసింది పక్కింటి పర్వతాలు తాత. పొలం నుంచి వస్తూ ఆగి, తల ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు.

"మంచిగనే ఏసినవ్ బిడ్డా. పత్తి బాగ పండినట్టున్నది. గానీ ఇంటి మీద ఆరబోసిండ్రేంది?"

"పత్తి గాదు తాతా! మంచు!"

"మంచా? గింత మంచు యాడ పడ్డదే? మనకాడ మొఖం కడుక్కునేలోపే పోతది గదా!"

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నీలా కూడా కిసుక్కుమంది. శాంతకుమారి ముఖం మాడిపోయింది.

అంతలో ఏసమ్మ టీచర్ సైకిల్ దిగింది. దండెం ముందు చాలాసేపు నిలబడింది.

"సూడుండ్రి టీచర్, తాత పత్తి అంటున్నడు!" శాంతకుమారి నీలా చేతిలోని కార్డు లాక్కుని చూపించింది. "కార్డుల ఎట్లున్నదో గట్లనే ఏసిన. ఒక్క చెట్టు అటు ఇటు గాలేదు."

"అవునే, ఒక్క తప్పు లేదు," అంది టీచర్. "గానీ ఎవరో గీసిందే కావాలంటే కోదాడ తెర సాలు గదా. మరి నిన్నెందుకు గీయమన్న?"

శాంతకుమారి కార్డునూ తెరనూ మార్చి మార్చి చూసింది.

"పొద్దుగూకినంక మల్లొస్త. అప్పుడు పెద్దోళ్లకు జెప్త," అని టీచర్ వెళ్లిపోయింది.

టీచర్ మెచ్చుకుందో, తప్పుపట్టిందో తెలియలేదు. ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది. శాంతకుమారి విసవిసా గొడ్ల కొట్టంలోకి పోయి గడ్డి మీద కూలబడింది. మొన్న మొన్ననే పుట్టిన బర్రె దుడ్డె వచ్చి తలతో ఆమె ఒళ్లో పొడిచింది.

"పో అవతలికి!" అంది కానీ, దాని మెత్తటి చెవులు నిమరకుండా ఉండలేకపోయింది.

ఈ దుడ్డె పుట్టిన రోజు కోడి కూయకముందే ఇంటిల్లిపాదీ లేచారు. పర్వతాలు తాత కందీలు వెలిగించి, ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మెత్తటి వరిగడ్డి పరిచింది. నాన్న బర్రె మెడ నిమురుతూ "అయిపాయె తల్లీ, అయిపాయె" అన్నాడు. దుడ్డె మొదటి ఊపిరి తీయగానే అందరూ ఒక్కసారి నవ్వారు. అమ్మకైతే కన్నీళ్లు కూడా వచ్చాయి.

శాంతకుమారి చటుక్కున లేచింది. పాకలో ఒక ప్రాణం పుడితే ఎలా ఉంటుందో తనకు తెలుసు! కళ్లారా చూసింది! మరి మంచును ఎక్కడ చూసింది?

"నీలా! పసుపు తే! డబ్బా మొత్తం తే!"

పసుపునీళ్లతో మంచు మీద వరిగడ్డి వేయబోయింది. అంతే! తెల్లగా ఉన్నదంతా భగ్గున ఎర్రబడింది. సున్నం మీద పసుపు పడితే ఎర్రగా మారుతుందని ఆ ఊళ్లో ఏ చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. హడావుడిలో శాంతకుమారి ఆ సంగతే మరిచిపోయింది.

"దుప్పటి ఖతమే!" నీలా నెత్తి కొట్టుకుంది. "ఇగ కోదాడ తెరనే!"

శాంతకుమారి పుల్ల పక్కన పెట్టేసింది. ఆ ఎరుపు వైపే చూస్తూ ఉండిపోయింది. చూడగా చూడగా ఆమె కళ్లు మెరిశాయి. ఆ రోజు కొట్టం గోడల మీద పడ్డ వెలుగు రంగు ఇదే!

"ఖతం గాలేదే! గిది కందీలు ఎలుగు! ఇంక తే పసుపు!"

ఇక ఆమె చేతికి పట్టపగ్గాల్లేవు. కొసల చెట్లు గడ్డివాములైపోయాయి. తొట్టిలో గడ్డి మీద పసిబిడ్డ వచ్చాడు. పక్కన కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్న తల్లి, మెడ చాచిన బర్రె, తలపాగా చుట్టుకుని కందీలు ఎత్తి పట్టుకున్న ముసలాయన వచ్చారు. మధ్యాహ్నం నుంచి ఆమె ఒక్కసారి కూడా కార్డు అడగలేదు.

పొద్దుగూకే వేళకు టీచర్ వచ్చింది. తెర చూసింది. సైకిల్ స్టాండ్ కూడా వేయకుండా వెనక్కి తిప్పింది.

"యాడికి టీచర్?"

"కోదాడకు ఎవ్వర్నీ పంపొద్దని జెప్పొస్తనే!"

మర్నాడు సాయంత్రం తెర కట్టగానే జనంలోంచి పర్వతాలు తాత లేచి నిలబడ్డాడు.

"గది మన కొట్టమే! గా కందీలు పట్టుకున్నది నేనే! సూడుండ్రి, యేసు పుట్టినకాడ నేనుంటిని!"

అందరూ గొల్లున నవ్వారు. తాత మాత్రం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. శాంతకుమారికి సంతోషంతో ఒళ్లు పులకరించింది.

పండగ మర్నాడు పొద్దున్నే నీలా ఒక పాత కాలెండర్ పట్టుకుని వచ్చింది. దాని వెనకవైపు తెల్లగా ఉంది.

"నేను గూడ గీస్తనే. నీ బర్రెను సూసి ఏసుకుంట, సరేనా?"

సరే అనబోయి శాంతకుమారి ఆగింది. "మీ తండాల నువ్వేం జూసినవ్?"

నీలా కాలెండర్‌ను అరుగు మీద పరిచింది. ఉన్నట్టుండి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "తీజ్ పండుగకు మా అక్క మొలకల బుట్ట నెత్తిన పెట్టుకొని ఆడిందే! గప్పుడే వాన పడ్డది! ఒక్కరు గూడ ఆగలే! అందరు తడుసుకుంటనే..."

"ఆగాగు! నాకు జెప్పకు!"

శాంతకుమారి కుంచె తెచ్చి నీలా చేతిలో పెట్టింది. తాను రంగుల గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంది.