నాలుగో గ్లాసులో నేరేడు

"ఇన్‌హేలర్! కోటు జేబులో చూడండి, కోటు జేబులో!"

ఎవరు అరిచారో ఎస్సై సుభాషిణి చూడలేదు. అప్పటికే ఆమె మోకాళ్ల మీద ఉంది. ఎదురుగా నేల మీద చంద్రమౌళి. ఛాతీ ఎగసిపడుతోంది. ఊపిరి మాత్రం ఆడడం లేదు. గొంతులోంచి సన్నటి ఈల. పెదవులు నేరేడు రంగుకి తిరుగుతున్నాయి.

జేబులో నీలం ఇన్‌హేలర్ దొరికింది. అతని నోట్లో పెట్టి నొక్కింది.

టిక్.

మళ్లీ నొక్కింది. టిక్.

ఖాళీ.

"ఇంకోటి లేదా ఈయనకి?"

"రూంలో ఉండాది మేడమ్, తెస్తాను!" చంద్రమౌళి శిష్యురాలు ప్రత్యూష మెట్ల వైపు పరిగెత్తింది.

ఆమె తిరిగి వచ్చేసరికి చేతిలో అట్టపెట్టె ఒక్కటే ఉంది. అందులో ఏమీ లేదు. ఉన్నా అవసరం తీరిపోయింది. సుభాషిణి మణికట్టుని పట్టుకున్న చంద్రమౌళి చెయ్యి మెల్లగా జారిపోయింది.

టైం పదకొండు యాభై రెండు.

మైపాడు బీచ్ పక్కన గంగాధరం రిసార్టు అది. ఉదయగిరి కొండల కింద పండిన ద్రాక్షతో తీసిన వైన్లకి ఆ రోజు మొట్టమొదటి రేటింగ్. ఆరు చిన్న తోటలు, ఆరు సీసాలు. అక్కడ వైన్ తీస్తారని నెల్లూరులోనే చాలామందికి తెలియదు. చంద్రమౌళి నోటి నుంచి తొంభై మార్కులు వస్తే చెన్నై, బెంగళూరు హోటళ్లు తలుపులు తెరుస్తాయి. డెబ్బై వస్తే తీగలు పీకేసి బత్తాయి పెట్టుకోవాలి. దక్షిణాదిలో ఆయన ముక్కుకి అంత విలువ.

మద్యం పర్మిట్ మీద జరిగే సభ కాబట్టి సుభాషిణి బందోబస్తుకి వచ్చింది. హాలు గుమ్మంలో నిలబడి మొదటి నుంచీ చూసింది.

సీసాలకి గుడ్డ సంచులు తొడిగారు. పైన నంబరు తప్ప ఇంకేమీ కనబడదు. జడ్జి గ్లాసు తిప్పుతాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. వాసన ఏమిటో కాలరు మైకులో చెబుతాడు. తర్వాత ఒక గుక్క నోట్లోకి తీసుకుని, వేడి చారు జుర్రినట్టు దాని మీదుగా గాలి లోపలికి లాగుతాడు. పుక్కిలించి స్టీలు డబ్బాలో ఉమ్మేస్తాడు. మింగడు.

మూడు గ్లాసులు అలాగే అయ్యాయి.

నాలుగోది పట్టుకుని చంద్రమౌళి కళ్లు మూసుకున్నాడు. "నేరేడు పండు," అన్నాడు. "నలిపిన మిరియం. వానకి తడిసిన ఎర్రమట్టి."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వి, గుక్క తీసుకుని, గాలి జుర్రాడు.

అంతే.

"ఆ గ్లాసు ముట్టుకోకండి!" సుభాషిణి శవం దగ్గర నుంచి లేస్తుండగా కిషోర్ బాబు వేదిక అవతలి బల్ల దగ్గర నుంచి వచ్చాడు. రెండో జడ్జి. బెంగళూరు మనిషి. చంద్రమౌళి ఉన్నంతకాలం రెండో జడ్జిగానే మిగిలిపోయిన మనిషి. నాలుగో గ్లాసు మీదికి వంగి, చటుక్కున తల వెనక్కి లాగేసుకున్నాడు. "సల్ఫర్! మీరే చూడండి."

సుభాషిణి వంగింది. ఒకేసారి వంద అగ్గిపుల్లలు గీసినట్టు ఘాటు. గొంతు పట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంటిది?"

"మెటాబైసల్ఫైట్. వైన్ చెడిపోకుండా చిటికెడు వేస్తారు. ఎక్కువైతే ఇలా పొగ వదులుతుంది. మీకూ నాకూ దగ్గొస్తుంది. ఆయనకి ముదిరిన ఆస్తమా. గాలితో కలిపి ఊపిరితిత్తుల్లోకి లాగాడు. ఇంకేముంది?"

"ఇదే వైన్ మీరూ తాగారా?"

"లేదు. ఒకరి ముఖం చూసి ఇంకొకరు మార్కు వేయకూడదని జడ్జీలకి వేర్వేరు వరసల్లో పోస్తారు. నాకు నాలుగో నంబరు ఇంకా రాలేదు. బతికిపోయాను."

అతనే సీసా మీది సంచి లాగాడు. సీసాలోనూ అదే ఘాటు. లేబుల్ మీద పేరు చదివి పెదవి విరిచాడు.

"అబిగయీలు. అనుకున్నా. మిగతా ఐదు తోటల్లో మందు కొలిచి వేసే మెషీన్లు ఉన్నాయి. ఈవిడ ఒక్కతే చేత్తో వేస్తుంది. ఒక సీసాలో రెండుసార్లు పడి ఉంటుంది. అమెచ్యూర్ పని, ఒక ప్రాణం పోయింది."

ముందు వరసలో ఒక స్త్రీ లేచి నిలబడింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చర్చికి వచ్చినట్టు తెల్ల చీర కట్టుకుంది.

"నాదే మేడమ్ ఆ సీసా." గొంతు తెగిపోతోంది. "నా చేత్తోనే వేసినాను. ప్రతి సీసాకీ వేలు మడిచి లెక్కపెట్టుకుంటా. యాడన్నా తప్పినానేమో. నేనే చంపినానా మేడమ్?"



ఆంబులెన్సు శవాన్ని నెల్లూరు తీసుకెళ్లింది. సీఐ ఫోన్ చేశాడు. "నిర్లక్ష్యంతో చావు. క్లియర్ కేసు. ఆ అమ్మాయిని కదలనీకు. రెండు గంటలకి వచ్చి నేనే తీసుకెళ్తా. తోట రేపు సీలు చేద్దాం."

"సార్, ఇన్‌హేలర్ ఖాళీగా ఉంది."

"మర్చిపోయుంటాడమ్మా. మా నాన్న పళ్ల సెట్టే మర్చిపోతాడు."

ఫోన్ పెట్టేశాడు.

బయట కొబ్బరి చెట్ల కింద మిగతా తోటలవాళ్లు గుంపుగా నిలబడ్డారు. అబిగయీలు వరండాలో ఒంటరిగా కూర్చుంది. ఆమె దగ్గరికి ఒక్కరూ పోలేదు.

"చర్చి సంఘపెద్ద కూతురు సారాయి కాస్తా ఉండాదని మా ఊళ్లో నవ్వినారు," అంది సుభాషిణిని చూసి. "చర్చిలో ప్రభు బల్లకి ఇరవై ఏళ్లు ద్రాక్షరసం ఇచ్చిన ఇల్లు మాది. నాయన ఒకటే మాట అన్నాడు. 'నీ చేత్తో ఎవురికీ చెడు జరక్కుంటే చాలు పాపా' అని. ఇప్పుడు ఆయనకి ఏమని చెప్పేది?"

"సీసా ఎప్పుడు తెరిచారు?"

"పదింటికి. గాలి తగలాలని ఆరు సీసాలూ ముందే తెరిచి పెట్టినారు. వెనక గదిలో. ప్రత్యూష తెరిచి సంచులు తొడిగింది."

"ఆ గదిలోకి ఎవరెవరు వెళ్లారు?"

"అందరూ. గంగాధరం గారు ఐసు కోసం. కిషోర్ బాబు గారు చల్లదనం చూడను. నేనూ పోయినాను. నా సీసా ఏదో కనిపెట్టాలని ఆశ."

సుభాషిణి హెడ్ కానిస్టేబుల్ చెంచయ్యని పిలిచింది. ఇద్దరూ చంద్రమౌళి గదికి వెళ్లారు. వెంట గంగాధరం. తెల్ల పంచె, మెడలో లావుపాటి గొలుసు. రిసార్టు ఆయనదే, పక్కనున్న రొయ్యల ప్యాకింగ్ షెడ్డూ ఆయనదే.

"రొయ్యలు నల్లబడకుండా ఏం వేస్తారు గంగాధరం గారూ?"

ఆయన నడక ఆగింది. "అదే పొడి మేడమ్. ఆ జడ్జి చెప్పిందే. బస్తాలు ఉండాయి. ఊరూరా ప్రతి షెడ్డులో ఉంటాయి."

"తాళం?"

"రొయ్యల షెడ్డుకి తాళమెందుకు మేడమ్? దొంగ కూడా ముక్కు మూసుకుని పోతాడు."

గది తలుపు తెరిచారు. చెంచయ్య జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కిటికీ బార్లా తెరిచి ఉంది. కింద ఇసుకలో వలలు పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెట్టారు. గుట్టలు గుట్టలు. సముద్రపు గాలి ఆ కంపునంతా మోసుకొచ్చి గదిలో పోస్తోంది. మంచం కిటికీ కిందికి జరిపి ఉంది.

"ఇక్కడ పడుకున్నాడా మనిషి?" అన్నాడు చెంచయ్య.

"దేవుడు మేడమ్ ఆయన," అన్నాడు గంగాధరం. "అవతలి వైపు రూం ఇస్తామని నేనే పోయి అడిగినా. 'ఎందుకు? గాలి బాగుంది' అన్నాడు. ఒక్క మాట విసుక్కోలా. ఆ కిషోర్ బాబు అయితే కిటికీ ఒక్క అంగుళం తెరిస్తే నా మీద పడి అరిచినాడు. పెద్దోళ్లు పెద్దోళ్లే."

సుభాషిణి కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"చెంచయ్యా, మీకు కరోనా వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. నెల్లాళ్లు చేపల పులుసు కూడా వేణ్ణీళ్లే. మళ్లీ నెమ్మదిగా వాసన వచ్చింది. మా బావమరిదికైతే ఇప్పటికీ రాలా. ఎందుకు మేడమ్?"

ఆమె ఫోన్ తీసి చంద్రమౌళి పాత వీడియోలు పెట్టింది. ఆరేళ్ల కిందటి దాంట్లో అన్నీ విదేశీ వాసనలే. "బ్లాక్ కరెంట్... సీడార్... లెదర్..." నిరుటిది. "రేగు వడియం. కొత్త చాప. చెరువు ఎండాక పగిలిన నేల."

హైదరాబాదులో పుట్టి, సగం జీవితం విమానాల్లో గడిపిన మనిషి. రేగు వడియం వాసన ఆయనకెలా తెలుసు?

కిందికి దిగుతూ కిషోర్ బాబుని పక్కకి పిలిచింది. "నిన్న రాత్రి భోజనాల దగ్గర ఏమైనా గొడవ జరిగిందా?"

"గొడవ కాదు, కామెడీ." అతను మూతి పక్కకి తిప్పాడు. "ప్రత్యూష జడ్జి పరీక్షకి వెళ్తానని, సిఫార్సు చెయ్యమని అడిగింది. అందరి ముందూ ఆయన ఏమన్నాడో తెలుసా? 'ఈ పిల్లకి ముక్కు లేదయ్యా, పోసే చెయ్యి మాత్రమే ఉంది. వచ్చే ఏడు ఇంకెవరినైనా చూసుకోవాలి' అన్నాడు. టేబులంతా నవ్వింది."

"మీరు?"

"నేనూ నవ్వాను."

"ఆ అమ్మాయి?"

"ఏం చేస్తుంది? అందరి గ్లాసుల్లో నీళ్లు పోసింది."

సుభాషిణి చెంచయ్య చెవిలో రెండు మాటలు చెప్పి వెనక గదికి పంపింది. నలుగురినీ హాల్లోకి రమ్మంది.

ఒంటి గంట నలభై. హాలు ఖాళీగా ఉంది. బల్ల మీద చంద్రమౌళి కాలరు మైకు అలాగే పడి ఉంది. ఆంబులెన్సు వాళ్లు విప్పి పెట్టిన చోటే. కిషోర్ బాబు గడియారం చూసుకుంటున్నాడు. గంగాధరం గొలుసు తిప్పుకుంటున్నాడు. ప్రత్యూష చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. అబిగయీలు తల ఎత్తలేదు.

"నాలుగో గ్లాసు వాసన చూసి చంద్రమౌళి గారు ఏమన్నారు?" సుభాషిణి అడిగింది.

"నేరేడు," అన్నాడు గంగాధరం. "మిరియం. ఇంకేదో మట్టి."

"కిషోర్ బాబు గారూ, మీరు అదే గ్లాసు మీదికి వంగారు. నేరేడు వాసన వచ్చిందా?"

"ఏం మాట్లాడుతున్నారు? ముక్కు కాలిపోయింది."

"నాకూ. మరి ఆయనకి ఎందుకు కాల్లేదు? దక్షిణాదిలోకెల్లా గొప్ప ముక్కు. ఆ గ్లాసు పెదవి దాకా కూడా రాకుండా విసిరికొట్టాలి. హాయిగా నవ్వి గుక్క తీసుకున్నాడు."

సుభాషిణి గంగాధరం వైపు తిరిగింది.

"నెత్తళ్ల గుట్ట పక్కన మంచం వేసుకుని గాలి బాగుందన్నాడు. గంగాధరం గారూ, ఆయన మంచితనం కాదది. ఆయనకి వాసన లేదు. కరోనా తర్వాత పోయింది, మళ్లీ రాలేదు. బయటికి చెబితే బతుకు పోతుంది. అందుకే ముక్కు అరువు తెచ్చుకున్నాడు."

కిషోర్ బాబు నోరు తెరిచాడు. "అసాధ్యం. ఇన్నేళ్లూ..."

"ఇన్నేళ్లూ మీకు తెలియదు. తెలిసుంటే విషం అవసరమే లేదు. ఒక్క మాట బయటపెడితే మొదటి జడ్జి మీరే అయ్యేవారు. అందుకే మిమ్మల్ని వదిలేస్తున్నాను."

అతను ఎర్రబడ్డాడు. కానీ కాదనలేదు.

"వాసన పట్టేవాడిని చంపాలనుకున్న వాళ్లెవరైనా వాసన లేని విషం వెతుకుతారు. ఇక్కడ గ్లాసు మీదికి వంగగానే ముక్కు కాలే ఘాటు వాడారు. అంటే చంపిన మనిషికి ఒక సంగతి ఖాయంగా తెలుసు. ఆయన పసిగట్టలేడు."

అబిగయీలు తల ఎత్తింది.

"అబిగయీలు గారూ, మీ వైన్ వాసన ఎలా ఉంటుంది? నిజం చెప్పండి."

"ఆయన చెప్పినట్టే మేడమ్. నేరేడు. మిరియం. మా తోట మట్టి. అంత బాగా ఎవురూ చెప్పలా."

"అది ఆయన చెప్పింది కాదు. పదింటికి సీసా తెరిచినప్పుడు ఒకరు వాసన చూసి, వెళ్లి ఆయనకి చెప్పారు. నాలుగో నంబరు అంటే ఈ మాటలు అను అని. ఆయన అప్పజెప్పాడు. అంటే పదింటికి మీ సీసా శుభ్రంగా ఉంది. పొడి ఆ తర్వాత పడింది. మీ చెయ్యి తప్పలేదు."

అబిగయీలు రెండు చేతులతో నోరు మూసుకుంది. వీపు కదులుతోంది. ఏడుపు మాత్రం బయటికి రాలేదు.

చెంచయ్య లోపలికి వచ్చాడు. చేతి తొడుగులు వేసుకుని ఒక గుడ్డ సంచిని చివర పట్టుకుని ఉన్నాడు.

"దొరికింది మేడమ్. సీసాలు ఆరు, సంచులు ఏడు. బిరడాల డబ్బా అడుగున మడిచి పెట్టిండారు. లోపల కొత్త ఇన్‌హేలర్ ఉండాది. నిండుగా. సంచి కుట్టులో తెల్ల పొడి."

గంగాధరం ఒక అడుగు వెనక్కి వేశాడు. అందరి చూపూ ఒకే వైపు తిరిగింది. గోడకి ఆనుకున్న మనిషి కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు.

"పొడి తెచ్చింది, ఇన్‌హేలర్ దాచింది ఆ ఏడో సంచిలోనే. సంచుల పని ఒక్కరి చేతిలోనే ఉంది," అంది సుభాషిణి. "ఖాళీ ఇన్‌హేలర్ జేబులో పెట్టి, నిండుది తీసేశారు. ఆయన నేల మీద కొట్టుకుంటుంటే ఖాళీ అట్టపెట్టె కోసం మెట్లెక్కారు. నేరం మోయడానికి చేత్తో మందు వేసే తోటని ఎంచుకున్నారు. ఇన్నేళ్లూ ఆయన ముఖానికి ముక్కయి బతికితే, నిన్న రాత్రి నలుగురిలో ముక్కే లేదనిపించుకున్నారు. బయటపెడదామంటే అన్నేళ్ల అబద్ధంలో సగం వాటా తమదే."

బయట జీపు హారన్. సీఐ వచ్చేశాడు. గుంపులోంచి ఒక గొంతు వినబడింది. "అదిగో, అబిగయీల్ని తీసుకుపోను వచ్చినారు."

సుభాషిణి బల్ల దగ్గరికి వెళ్లింది. చనిపోయిన మనిషి మైకు చేతిలోకి తీసుకుంది. చిన్న పచ్చ లైటు ఇంకా వెలుగుతోంది. బయట కొబ్బరి చెట్లకి కట్టిన స్పీకర్లు ఒకసారి గరగరలాడాయి.

"ఎవరు మేడమ్?" అబిగయీలు అడిగింది. "నా వైన్‌ని అంత బాగా చెప్పింది ఎవరు?"

సుభాషిణి గోడ వైపు చూస్తూ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ప్రత్యూష," అంది. ఆ పేరు ఇసుక మీదుగా సముద్రం దాకా వినబడింది. "చంపిందీ ప్రత్యూషే."