వేడి లేని నిప్పు

ఏ కాలమో అడగకండి, ఏ దిక్కో అడగకండి. నెమలికోట అనే రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజ్యంలో నిప్పు చల్లబడిపోయింది.

ఆరిపోలేదు. ఆరిపోతే మళ్లీ రాజేసుకునేవాళ్లు. కట్టెలు భగభగ మండేవి, మంట మనిషెత్తు లేచేది. కాని అందులో చెయ్యి పెడితే గాలిలో పెట్టినట్టే ఉండేది. ఎసరు కాగేది కాదు. బియ్యం ఉడికేవి కావు. జనం నానబెట్టిన బియ్యం నమిలారు, పచ్చి దుంపలు కొరికారు. పళ్లున్నవాళ్లు బతికారు. పళ్లూడిన ముసలివాళ్లు, పళ్లు రాని పసివాళ్లు ఒక్కొక్కరే రాలిపోసాగారు.

ఇది ఊరికే వచ్చిన కష్టం కాదు. తెచ్చుకున్నది.

కోట గుమ్మం పక్కన అంబలిసాల ఉండేది. రాజుగారి తాతల నాటిది. లేనివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, దారి తప్పినవాళ్లు కుండ పట్టుకుని వస్తే గరిటెతో అంబలి పోసేవారు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. పోసేవాడు ఒక్క మాటే అనాలి: "ఇంకా?" అంతే. పేరు, ఊరు, కష్టం, ఏదీ అడగకూడదు. కడుపు నిండినవాడు కూడా అప్పుడప్పుడు వచ్చి తాగిపోయేవాడు. తాగితే తాగాడు.

కొత్తగా వచ్చిన పారుపత్యగాడు దండపాణికి అది కంటగింపైంది. సాల పెత్తనం చేతికి రాగానే, "దొంగలు తాగిపోతున్నారు ప్రభూ" అని రాజు చెవిలో వేశాడు. రాజు సరేనన్నాడు. దండపాణి సాల ముందు అరుగు కట్టించాడు. అంబలి కావలసినవాళ్లు అరుగెక్కి, అందరూ వినేలా తమ గోడు చెప్పుకోవాలి. గోడు నచ్చితే అంబలి. నచ్చకపోతే పో.

దొంగలు మానలేదు. వాళ్లకు కథలు బాగా వచ్చు. మానినవాళ్లు సిగ్గున్నవాళ్లు.

కట్టెలు కొట్టే సన్నాసి కాలు మీద చెట్టు పడి ఎముక విరిగింది. అతని భార్య పైడమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని, కుండ పట్టుకుని సాలకు వెళ్లింది. అరుగు మీద నిలబెట్టారు. "చెప్పు" అన్నాడు దండపాణి. ఆమెకు నోరు పెగల్లేదు. "సేతినిండా గాజులేసుకుని అంబలికొచ్చింది సూడండ్రా!" అని వరసలో ఎవరో అన్నారు. వరసంతా నవ్వింది. పైడమ్మ ఖాళీ కుండతో తిరిగి వచ్చింది. మళ్లీ వెళ్లలేదు. ఇంట్లో ఉన్నది మొగుడికీ, కూతురు నూకాలుకీ, పాలు తాగే కొడుకు బంగారయ్యకీ సరిపెట్టి, తను తిన్నానని చెప్పేది. అలా చెబుతూ చెబుతూ ఒక ఉదయం ఇక లేవలేదు.

ఆ పూటే రాజ్యంలో నిప్పు చల్లబడింది.

సాలలో పొయ్యి వదిలిన నిప్పు నల్లడవి దాటి, కొండ మీద రక్కసి గుహలో చేరిందని చెప్పుకున్నారు. దాన్ని తెచ్చినవాళ్లకు అడిగింది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. గుర్రాలెక్కి రాకుమారులు వెళ్లారు. గుర్రాలు మాత్రం తిరిగి వచ్చాయి.

నూకాలు బియ్యం నమిలి, ముద్ద చేసి, తమ్ముడి నోట్లో పెట్టేది. వాడు కక్కేసేవాడు. కొన్నాళ్లకు కక్కడానికి కూడా వాడికి బలం లేకపోయింది. ఏడుపు పిల్లి కూతలా సన్నబడింది.

"అయ్యా, నానెల్తాను" అంది నూకాలు.

సన్నాసి మంచం మీద నుంచే, "రాజుల బిడ్డలే రానేదు. నువ్వెల్లి ఏటి సేస్తావే గుంటా?" అన్నాడు.

"ఆల్ల తమ్ముళ్లు సావట్లేదు కదా!"

నూకాలు నానిన బియ్యం మూటగట్టుకుని బయలుదేరింది.

అడవి అంచున ఏరు అడ్డం వచ్చింది. నిండుగా, ఎర్రగా పారుతోంది. ఒడ్డున తెప్ప మీద ఒక ముని కూర్చుని ఉన్నాడు. నూకాలు వంక చూశాడు. నూకాలు అతని వంక చూసింది. దాటించమని ఒక్క మాట అంటే పోయేది. ఆ మాట ఆమెకు రాలేదు. చెయ్యి చాపకూడదని తల్లి నేర్పింది. తల్లిని అరుగు మీద చూశాక అది ఇంకా గట్టిగా నాటుకుంది. చాలాసేపు నిలబడి, చివరికి కళ్లు మూసుకుని ఏట్లో దూకింది.

ప్రవాహం ఆమెను ఎండుటాకులా తిప్పేసింది. బియ్యం మూట కొట్టుకుపోయింది. ముని జుట్టు పట్టి తెప్ప మీదికి లాగాడు.

"మూగదానివా?"

"కాదు."

"మరి నోరేమైంది? అడిగితే దాటించేవాణ్ణి కదే!"

"అడగడం మా ఇంట్లో లేదు."

ముని ఆమెను ఎగాదిగా చూశాడు. "అయితే మీ ఇంట్లో ఎవరో చచ్చే ఉంటారు" అని తెప్ప నడిపాడు. అవతలి ఒడ్డు వచ్చేదాకా నూకాలు ముఖం తిప్పుకుని ఏడ్చింది.

నల్లడవిలో పగలు కూడా మసకగానే ఉంది. ఆకలికి ఆమె చింతచిగురు దూసి తింది. ఒకచోట గోతిలోంచి మూలుగు వినిపించింది. తొంగి చూస్తే పెద్ద ఎలుగుబంటి. వేటగాళ్లు తవ్విన గోతిలో పడి, పైకి ఎక్కలేక గోళ్లు విరగ్గొట్టుకుంది. నూకాలు విరిగిన మాను ఒకటి ఈడ్చి, ఈడ్చి, గోతిలోకి దింపింది. ఎలుగు ఎక్కి వచ్చి, ఒళ్లు దులుపుకుంది.

"ఎందుకు పడ్డావని అడగవా?" అంది ఎలుగు మనిషి గొంతుతో.

"అడిగితే పైకొస్తావా ఏటి?"

"తేనె దొంగతనానికి వచ్చి పడ్డాను."

"ఆ సంగతి నాకెందుకు? పో."

ఎలుగు పోలేదు. ఆమె వెంట కొంతదూరం నడిచింది. "రక్కసి దగ్గరికేగా పోతున్నావు? అది ఎందుకని అడుగుతుంది. చెప్పావో, చెప్పడం అయ్యేసరికి రాయివైపోతావు. వచ్చినవాళ్లంతా చెప్పే చెడ్డారు. నీకు కావలసింది మూడుసార్లు అడుగు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు. మూడోసారి అది కాదనలేదు. అది దాని మెడకున్న కట్టు" అని చెప్పి, పొదల్లోకి జారిపోయింది.

నూకాలుకు ఏడుపొచ్చింది. కత్తి పట్టమన్నా పట్టేది. అడగమంది.

గుహ ముందు రాళ్లు మనుషుల్లా నిలబడి ఉన్నాయి. ఒకడి రాతి నోరు ఇంకా తెరిచే ఉంది. లోపల పొయ్యి ముందు రక్కసి కూర్చుని ఉంది. పొయ్యిలోంచి వచ్చిన వేడి ముఖానికి తగిలేసరికి నూకాలు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసింది. ఎన్నాళ్లైందో వేడి ఎరిగి!

"ఓలమ్మ, ఈసారి ఆడగుంట వచ్చింది!" అంది రక్కసి. "ఏటి కావాలే?"

నూకాలు పెదవులు ఆడించింది. "నిప్పు... నిప్పు కావాలి."

"ఎందుకు?"

నూకాలు మాట్లాడలేదు.

"గోడు సెప్పుకోవేటే? నాకు గోడంటే బెల్లం ముక్కే. రాజు కొడుకు ఒకడు ఎంత బాగా సెప్పాడనుకున్నావు! తాత ముత్తాతల కాడినుంచి ఎత్తుకున్నాడు." రక్కసి రాతి బొమ్మ వైపు చూసి పకపక నవ్వింది. "నువ్వూ సెప్పు. కన్నీళ్లు పెట్టించు. కుండెడు నిప్పులిస్తాను."

"నాకు నిప్పు కావాలి" అంది నూకాలు.

రక్కసి పొయ్యిలో గుప్పెడు ధూళి చల్లింది. మంటలో నూకాలు ఇల్లు కనిపించింది. తమ్ముడి పెదవులు నల్లబడ్డాయి. డొక్కలు ఎగరడం మానేస్తున్నాయి. సన్నాసి వాడి అరికాళ్లు రుద్దుతున్నాడు.

"సూసేవా? ఇంక ఎక్కువసేపు లేడు. ఒక్క మాట సెప్పు సాలు. మీ యమ్మ ఎలా పోయిందో సెప్పు."

నూకాలు నోరు తెరిచింది. అరుగు కనిపించింది, గాజులు కనిపించాయి. ఆ నవ్వు వినిపించింది. చెబితే ఎంత తేలిక! ఒళ్లంతా చెప్పమనే అంటోంది. కాలి బొటనవేలు అప్పుడే చల్లబడి, రాయిలా బిగుసుకుంటోంది. ఆమె పళ్లు కరిచి, మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ చాపింది.

"నాకు నిప్పు కావాలి. ఇయ్యి."

రక్కసి ముఖం మాడిపోయింది. తిట్టింది, నేల తన్నింది. కాని కట్టు కట్టే. కుండపెంకులో నివురు పోసి, దాని మీద ఎర్రటి నిప్పులు వేసింది.

"తీసుకు పో. దారిలో అడిగినోడికి లేదనకు. ఎందుకని అడక్కు. అడిగావో, మొత్తం ఆరిపోద్ది. సూద్దాం, నీ తమ్ముడికి ఏటి మిగులుద్దో!"

నూకాలు పరుగెత్తింది.

అడవి దిగగానే చలికి వణికే ముసలమ్మ అడిగింది. ఇచ్చింది. సైనికుల గుంపు అడ్డం నిలిచి, మాకు సగం కావాలి అంది. సగం ఇచ్చింది. ఒకడు వచ్చి తీసుకుని, తలపాగా మార్చి, మళ్లీ వచ్చాడు. నూకాలు వాడి కళ్లలోకి చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు. మళ్లీ ఇచ్చింది. ఏటి దగ్గర ముని తెప్ప సిద్ధంగా ఉంచాడు.

"దాటించు తాతా" అంది నూకాలు.

"నేర్చుకున్నావు" అని ముని దాటించాడు. తనూ ఒక నిప్పు అడిగాడు.

కోట గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పెంకులో కొద్దిపాటి నిప్పులే మిగిలాయి. జనం తోసుకుంటున్నారు. అందరికంటే ముందు దండపాణి, చేతిలో ఇత్తడి కుంపటితో.

"నాకు కావాలి" అన్నాడు.

నూకాలు ఆగిపోయింది. అరుగెక్కి చెప్పు అనాలి. అందరి ముందూ చెప్పు, గోడు నచ్చితే ఇస్తాను అనాలి. నవ్వాలి. "ఎందు—" అంది.

పెంకులో ఎరుపు చప్పున మాసింది.

ఆమె నోరు మూసుకుంది. నెత్తురు వచ్చేంత గట్టిగా నాలుక కరుచుకుంది. ఎరుపు మెల్లగా తిరిగి వచ్చింది. మునివేళ్లతో ఒక నిప్పు తీసి, వేళ్లు కాలుతున్నా ఆగి, అతని కుంపటిలో వేసింది. ఇచ్చింది. క్షమించలేదు. ఆ రెండూ వేరు.

తరవాత చేతులే చేతులు. ఎవరివో చూడలేదు. ఇస్తూ ఇస్తూ ఇంటికి చేరింది. తలుపు తోసి, పొయ్యి ముందు పెంకు వంచింది. నివురు రాలింది. అందులో నిప్పు లేదు.

సన్నాసి చూశాడు. ఒళ్లో పిల్లవాడి కళ్లు పైకి తిరిగిపోతున్నాయి.

నూకాలు పెంకు అందుకుని లేచింది. పక్కిల్లు సోములమ్మది. అరుగు ముందు నవ్విన వాళ్లలో సోములమ్మ ఉంది. నూకాలు అప్పుడు వరస పక్కనే నిలబడి చూసింది, మరిచిపోలేదు. ఇప్పుడు ఆ ఇంటి కప్పు మీంచి పొగ లేస్తోంది. గుమ్మం దాకా నడిచేసరికి కొండ ఎక్కినంత ఆయాసం వచ్చింది.

"అత్తా, కాస్త నిప్పెట్టు."

సోములమ్మ పొయ్యి దగ్గరి నుంచి తల ఎత్తింది. ఊరందరికీ పంచిన పిల్ల తన గుమ్మంలో ఖాళీ పెంకుతో నిలబడి ఉంది. ఏదో అడగబోయింది. పెదవుల దాకా వచ్చింది. ఆ పిల్ల కాలిన వేళ్లు చూసింది, మాట మింగింది. పొయ్యిలోని నిప్పులన్నీ పిడక మీదికి లాగింది. తన పొయ్యి నల్లబడింది. లేచి, కాగిన గంజి గిన్నె కూడా కొంగుతో పట్టుకుని తెచ్చింది.

"నువ్వు కాసేదాకా పిల్లడు ఆగడు. ముందు ఇది తాగించు. పద, నేనూ వస్తాను."

ఏ కట్టూ లేకుండా, ఒకరు తమంతట తాము ఎందుకని అడగకుండా ఇచ్చిన ఆ క్షణాన, అంబలిసాలలో చల్లటి మంట బుస్సుమంది. దాని పక్కన కూర్చున్న కాపలావాడు మీసాలు కాలి అరుచుకుంటూ బయటికి పరుగెత్తాడు. రాజ్యంలో పొయ్యి పొయ్యికీ వేడి తిరిగి వచ్చింది. కొండ మీద రాళ్లు మనుషులై, మాటలు మధ్యలో ఆపి, ఇళ్లకు నడిచాయి.

చంటివాడు మొదటి చుక్క మింగలేదు. రెండోది గొంతులో గురగురలాడింది. మూడోది దిగింది. సన్నాసి తల గోడకు ఆనించి, పెళ్లాం పోయిన తరవాత మొదటిసారి పైకి ఏడ్చాడు.

రాజు వచ్చి, ఏం కావాలో అడగమన్నాడు. అరుగు పడగొట్టమంది. రాజు తన చేత్తోనే గడ్డపార పట్టాడు. సాల పెత్తనం నూకాలుకు దక్కింది. దండపాణి జన్మంతా ఆ సాలకు కట్టెలు మోశాడు. అతనికి రోజూ వేడి అంబలి నూకాలే పోసేది. అతనితో మాత్రం ఆమె ఎన్నడూ ఒక్క మాట అదనంగా మాట్లాడలేదు. సోములమ్మతో మాట్లాడింది. పైడమ్మ తిరిగి రాలేదు. కథల్లో కూడా కొన్ని జరగవు.

కాని ఆ తరవాత నెమలికోటలో ఆకలితో ఎవరూ పోలేదు. నూకాలు పెళ్లాడింది, పిల్లల్ని కంది, బంగారయ్య ఆమెకంటే జానెడు ఎత్తు పెరిగాడు.

కథ ఇక్కడ చల్లారింది. మీ అన్నం చల్లారకముందే లేవండి.