అవ్వ పరిగె

బడి సంచి గుమ్మంలో పడేసి, అన్నం కూడా తినకుండా, చీమ చేనులోకి పరుగెత్తింది. దాని అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉంది. ఇంట్లో ఒక్క గింజ కింద పడినా ఏరి డబ్బాలో వేస్తుందని నాన్న పెట్టిన పేరు చీమ. ఆ పదేళ్ళ పిల్లకు ఆ పేరంటే గర్వం.

వేరుశనగ పీకి రెండు రోజులైంది. కూలీలు మొక్కలు పీకి, మట్టి దులిపి, కాయలు కోసి ఇంటికి చేర్చారు. ఎంత జాగ్రత్తగా పీకినా కొన్ని కాయలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. చీమ ఒక పుల్ల తీసుకుని సాలు తర్వాత సాలు గీరుతూ వాటిని బయటికి తీస్తోంది. గోళ్ళ నిండా మన్ను, మోకాళ్ళ మీద గీతలు. అయినా ఆపలేదు.

దీనికంతటికీ కారణం సండేస్కూల్ టీచర్. వచ్చే ఆదివారం పిల్లలంతా తమ చేతులతో సంపాదించిన పంట చర్చికి తేవాలని, అందరికన్నా ఎక్కువ తెచ్చినవాళ్ళని ముందు నిలబెడతానని ఆవిడ చెప్పింది. ముందు నిలబడడమంటే చీమకు ప్రాణం. దేవుడి కోసమా, ముందు నిలబడడం కోసమా అని అడిగితే తడుముకోకుండా దేవుడి కోసమే అనేది. పెద్దవాళ్ళం మేమూ అలాగే అంటాం, అది వేరే సంగతి.

నాన్న గట్టు మీద నుంచి చూశాడు. ఒక్క కాయ కూడా వదలొద్దని చెప్పి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకైనా గుర్తుండాల్సింది.

శనివారం మధ్యాహ్నానికి గంప నిండింది. అప్పుడే పరిగె అవ్వ వచ్చింది. పంట ఎత్తేశాక చేనులో మిగిలిపోయినదాన్ని పరిగె అంటారు. ఏటా ఈ చేనులో పరిగె ఏరుకునేది ఆవిడే. వానలు పట్టి ఎక్కడా పని దొరకని రోజుల్లో ఆ కాయలే ఆవిడకు తిండి. ఈ సంగతి ఊళ్ళో పెద్దలందరికీ తెలుసు. చీమకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అవ్వ ఒంగి ఒక సాలు గీరింది. ఏమీ లేదు. పక్క సాలు గీరింది. అక్కడా లేదు. చీమ గంప చూపించింది.

"ఇంకేం లేవు అవ్వా. మొత్తం నేనే ఏరేశాను."

అవ్వ గంప వైపు కాసేపు చూసింది.

"మంచిది తల్లీ," అంది.

తెచ్చుకున్న ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. చీమకు ఆ మాట మెచ్చుకోలులాగే వినబడింది.

ఆదివారం చర్చిలో చీమ గంపే అన్నిటికన్నా పెద్దది. టీచర్ చీమను ముందు నిలబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకాల, చాప చివర కూర్చున్న పరిగె అవ్వ కూడా కొట్టింది.

నాయనమ్మ కాలు వాచి చర్చికి రాలేదు. చీమ ఇంటికొచ్చి జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. నాయనమ్మ ముందు మురిసిపోయింది. తర్వాత అన్ని కాయలు ఎక్కడివని అడిగింది. చీమ చెప్పింది. నాయనమ్మ చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

"మరి అవ్వ ఏం ఏరుకుంది?"

చీమ తన గోళ్ళలోని మన్ను చూసుకుంది.

నాయనమ్మ కేకలేయలేదు. చేను అంచుల దాకా ఊడ్చుకోవద్దని, రాలిపోయినది లేనివాళ్ళకు వదలాలని దేవుడు వాక్యంలోనే చెప్పాడంది. తాతయ్య బతికున్నన్నాళ్ళూ పరిగె జోలికి ఎవర్నీ పోనిచ్చేవాడు కాదంది.

"అది మనం పెట్టే దానం కాదే. అసలు మనదే కాదు. అవ్వ కూడు తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టి చప్పట్లు కొట్టించుకున్నావు." తర్వాత నాన్న వైపు తిరిగింది. "పిల్లకంటే తెలీదు. నీకు తెలీదా?"

నాన్న తల దించుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సాయంత్రం నాన్న అరబస్తా కాయలు భుజాన వేసుకుని చీమతో కలిసి అవ్వ ఇంటికి వెళ్ళాడు. అవ్వ గడపలో కూర్చుని ఆ ఖాళీ సంచికే చిరుగు కుట్టుకుంటోంది. ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది. బస్తా మాత్రం ముట్టుకోలేదు. నాన్న ఎంతో బతిమాలాడు.

"వద్దు నాయనా. నడుం వంచి ఏరుకున్నది తింటే నా కష్టం తిన్నట్టుంటుంది. ఇది తింటే అడుక్కున్నట్టుంటుంది."

బస్తా మళ్ళీ నాన్న భుజానికెక్కింది. దారి పొడుగునా చీమ ఏడ్చింది. ఏడిస్తే కాయలు రాలవు కదా.

ఇక పీకకుండా మిగిలింది కాలువ పక్కనున్న చిన్న మడి ఒక్కటే. ఆ పరిగె వానాకాలమంతా సరిపోదని చీమకు ఇప్పుడు తెలుసు. అయినా ఆ మడి పీకే రోజు, ఆఖరి సాలు తనకే కావాలని అడిగి తీసుకుంది. మొక్కను మెల్లగా కదిపి పీకితే కాయలు మొక్కతోపాటే వస్తాయి. చీమ ఒక్క గుంజు గుంజి పీకసాగింది. అలా లాగితే కాయలన్నీ మట్టిలోనే తెగిపోతాయని పక్క సాల్లో ఉన్న కూలీ అత్త కసిరింది. లాగనివ్వమని నాన్న ఆమెకు సైగ చేశాడు.

పని ముగిశాక అవ్వ వచ్చింది. ఏటా ఆవిడ నేరుగా చేనులోకి దిగేది. ఈసారి గట్టు మీదే ఆగిపోయింది. సంచి చంకలోనే ఉంది.

"ఏరుకోమంటావా తల్లీ?"

ఇన్నేళ్ళలో ఆవిడ ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు. క్షమించమని చెప్పడానికి చీమ వారం నుంచి కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయింది.

"అడగొద్దు అవ్వా," అంది.

అవ్వ ఆఖరి సాల్లోకి దిగింది. మొదటి గీతకే నాలుగు కాయలు బయటపడ్డాయి. ఒకసారి తలెత్తి చీమ వైపు చూసింది. మళ్ళీ ఒంగింది.

చీమ ఖాళీ గంప తీసుకుని గట్టెక్కింది. కాళ్ళ దగ్గర రెండు కాయలు రాలి ఉన్నాయి. వాటిని చూసింది. ఒంగలేదు.