కనక ఆపిన వాన

కనక మళ్ళీ తలుపు చాటుకు చేరింది...! మునివేళ్ళ మీద నిలబడి, కాలు మీద కాలు మెలివేసి, తలుపు రెక్కను రెండు చేతులా పట్టుకుని వణుకుతోంది. నాలుగేళ్ళ పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. బియ్యం చెరుగుతున్న భాగ్య చేట అక్కడే వదిలేసి వచ్చి పిల్ల ముందు కూర్చుంది.

"దొడ్డికొస్తుందా బిడ్డా? జర ముక్కు. నేను పట్టుకుంట."

కనక తల అడ్డంగా ఊపింది. కాసేపటికి ఆ వణుకు తగ్గింది. కాళ్ళు విడివడ్డాయి. పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. ఏమీ రాలేదు. చెడ్డీ మీద మాత్రం నీళ్ళలాంటి మరక... ఇవాళ కూడా అంతే! పొట్ట మీద చెయ్యి వేస్తే ఎడమ పక్కన రాయిలా తగిలింది. భాగ్య చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. కన్నబిడ్డ కడుపును తాకడానికి తనకే భయం వేసింది.

ఆర్మూరు ఊరి చివర, బాల్కొండ పోయే బస్సులు కనిపించే దూరంలో వాళ్ళ చేను. చేను పక్కనే ఇల్లు, ఇంటి ముందే పసుపు కల్లం. ఈ ఏడు పసుపు ఉడకబెట్టి ఆరబోశారో లేదో, కాలం కాని కాలంలో వాన విరుచుకుపడింది. భాగ్య భర్త గంగాకిషన్ పరుగున వెళ్ళి కవర్లు కప్పేలోపే సగం కొమ్ములు తడిసిపోయాయి. తడిసిన కొమ్ము రంగు చెడుతుంది, రంగు చెడిన పసుపును మార్కెట్లో చేత్తో తీసి కూడా చూడరు. అంత మనిషీ కల్లం పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తరవాత ఆ కొమ్ములను మళ్ళీ ఎండబెట్టే పనిలో ఇంటిల్లిపాదీ తలమునకలైపోయారు. పిల్ల తింటోందా, దొడ్డికి పోతోందా అని చూసిన వాళ్ళు లేరు. తల్లిని అయ్యుండి నేనెందుకు చూడలేదు... అని భాగ్య తనను తాను తిట్టుకోని పూట లేదు.

అత్త లసుమవ్వ మాత్రం చెడ్డీ మీది మరకలు చూసి మొదటి రోజే తేల్చేసింది.

"గిది పారుడే. నా నడిపి కొడుకు గిట్లనే పారి పారి సచ్చిపోయిండు. పాలు బంద్ చెయ్యి, పండ్లు బంద్ చెయ్యి. దానిమ్మ తోలు కాచి తాపు."

ఆ కొడుకు మాట వస్తే లసుమవ్వ గొంతు మారిపోతుంది. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం భాగ్యకు లేదు. చెప్పినట్టే చేసింది. పాలు ఆపింది. దానిమ్మ తోలు కషాయం ముక్కు మూసి మరీ పోసింది. మరకలు ఆగలేదు సరికదా పిల్ల పొట్ట ఉబ్బుతూ వచ్చింది. కనక అన్నం ముద్ద చూస్తేనే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. పేగు మెలిక పడిందేమో! ఆ నడిపి కొడుకు పోయినట్టే నా కూతురు కూడా... ఆ ఆలోచన వస్తే భాగ్య రాత్రుళ్ళు లేచి పిల్ల ఊపిరి చూసుకునేది.

"అత్తమ్మా, పిల్ల కడుపు రాయోలె అయ్యింది. దవాఖానకు తీస్కపోదాం" అంది ఇక ఉండబట్టలేక.

లసుమవ్వ మనవరాలి పొట్ట నొక్కి చూసింది. ఆమె ముఖం కూడా పాలిపోయింది.

"గట్టిపడ్డదా ఏందే... దవాఖాన దాకా ఎందుకు? సబ్బు ముక్క పెడితె గడియల దిగుతది. నువ్వు కాళ్ళు పట్టు."

భాగ్య పట్టుకుంది. తన చేతులతో తనే పట్టుకుంది! "అమ్మా ఒద్దే... విడువే అమ్మా..." అని పిల్ల గింజుకుంటుంటే కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది. చివరికి వచ్చింది మేకపెంటికంత గట్టి ఉండ ఒకటి, దాని వెంట నెత్తుటి చార. ఆ నెత్తురు చూసి లసుమవ్వ సబ్బు విసిరేసి కొడుకును కేకేసింది. కనక మాత్రం నెత్తురు చూడలేదు. ఏడుస్తూనే కిటికీలోంచి బయటికి, పైకి చూస్తోంది. ఎందుకు చూస్తోందో ఆ గాభరాలో ఎవరూ అడగలేదు.

గంగాకిషన్ చేతిలో పని వదిలేసి పిల్లను భుజాన వేసుకుని బయలుదేరాడు. దవాఖానలో డాక్టరమ్మ కనకను పడుకోబెట్టి, బొమ్మ చూపించి మాటల్లో పెడుతూ, మెల్లగా పొట్ట తడిమి చూసింది. అంతసేపూ భాగ్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"పేగు మెలిక పడ్డదా అమ్మా? నిజం చెప్పుండ్రి."

"లేదు. కానీ ఇట్లాగే వదిలేస్తే కష్టమయ్యేది. మీరు విరేచనాలు అనుకున్నది విరేచనాలు కావమ్మా. లోపల మలం గట్టిపడి అడ్డం పడింది. దాని పక్కనుంచి నీళ్ళలాగా కారుతోంది. మీరు పాలు, పండ్లు ఆపి, కషాయం పోసి ఇంకా గట్టిచేశారు."

డాక్టరమ్మ గొంతు తగ్గించింది.

"ఇంకొక మాట. మునివేళ్ళ మీద నిలబడి వణుకుతుందన్నారు కదా, అది ముక్కడం కాదు. వచ్చేదాన్ని రానివ్వకుండా ఆపుకోవడం. మెత్తబడడానికి మందు ఇస్తున్నాను, నెలల తరబడి వాడాలి. నీళ్ళు బాగా తాగించండి. అన్నం తిన్నాక కాసేపు కూర్చోబెట్టండి. సబ్బులు, తిట్లు, దెబ్బలు వద్దు. ఎందుకు భయపడుతోందో మాత్రం మీరే కనుక్కోవాలి."

ఇంటికి వచ్చాక భాగ్య పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జుట్టు దువ్వుతూ అడిగింది.

"నొస్తదని ఆపుకుంటున్నవా బిడ్డా?"

కనక తల ఊపింది.

"ఇంకేమన్న భయమా? అమ్మకు చెప్పు. ఎవ్వలు కొట్టరు."

పిల్ల కిటికీలోంచి పైకి చూసి నోరు విప్పింది.

"వాన పడ్తది."

"వానెందుకు పడ్తది?"

"గప్పుడు నేను కల్లం కాడ దొడ్డికి కూసున్న. నాయినమ్మ కొట్టింది. లచ్చిమి తల్లికి కోపమొస్తదన్నది. వానొచ్చింది... బాపు ఏడ్సిండు."

దువ్వెన భాగ్య చేతిలోనే ఆగిపోయింది. భగవంతుడా! ఇన్నాళ్ళుగా ఈ పసిది కడుపులో మోస్తున్నది ఇదా! తండ్రి కంట నీరు రాకూడదని, పసుపు తడవకూడదని, నాలుగేళ్ళ ప్రాణం వాననే ఆపుతున్నాననుకుని ఇంత బాధ పడుతోందా!

గడపలో నిలబడ్డ లసుమవ్వ అంతా విన్నది. పసుపు కల్లంలో ఉన్నన్ని రోజులు ఆమె అందులోకి చెప్పులతో ఎవరినీ రానివ్వదు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు తన అత్త చెప్పిన మాట అది, ఇప్పటికీ తప్పలేదు. కల్లం అంచున దొడ్డికి కూర్చున్న మనవరాలి వీపు మీద ఒక్కటి వేసి, లచ్చిమికి కోపమొస్తదని తనే అన్నది. అన్నది తను మరిచిపోయింది, పిల్ల మరవలేదు.

"నా నోరు పడిపోను... వాన నీ వల్ల పడలే బిడ్డా. లచ్చిమికి నీ మీద కోపం లేదు."

కనక నమ్మలేదు. రోజులు గడిచాయి. మందు తన పని తను చేస్తోంది, నొప్పి వచ్చి పోతోంది, పిల్ల మాత్రం కాళ్ళు మెలివేసి ఆపుకుంటూనే ఉంది. భాగ్యకు మళ్ళీ నిద్ర కరువైంది.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక కనకకు నొప్పి ఎక్కువైంది. తలుపు చాటుకు పోబోతున్న పిల్లను లసుమవ్వ చంకనెత్తుకుంది. చెప్పులతో తనే తిన్నగా కల్లంలోకి నడిచింది! ఆరబోసిన కొమ్ముల పక్కన రెండు ఇటుకలు వేసి పిల్లను కూర్చోబెట్టింది. తానూ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఈడనే కూసో. లచ్చిమి ఏమన్న అంటె నన్నంటది. నేనున్న."

భాగ్య పిల్ల వీపు పట్టుకుంది. తలెత్తి చూసింది. ఊరవతలి గుట్ట మీద మబ్బు పట్టింది. అమ్మా తల్లీ, ఇప్పుడు కాదు... ఈ ఒక్క గడియ ఆగు... అని మొక్కుకుంది. కనక నాయినమ్మ చేతుల్లో ముఖం దాచుకుని ఒక్కసారి అరిచింది. పిల్ల ఒళ్ళు సడలింది. ఇన్నాళ్ళ రాయి దిగిపోయింది.

దిగిపోయిన కాసేపటికే చినుకు పడింది.

కల్లం అవతలి అంచున కొమ్ములు తిరగేస్తున్న గంగాకిషన్ ఒక్క ఉదుటున కవర్ల వైపు ఉరికాడు. ఉరికినవాడు వెనక్కి తిరిగి చూశాడు. కనక ఊపిరి బిగబట్టి అతన్నే చూస్తోంది. కాళ్ళు మళ్ళీ మెలిపడుతున్నాయి. గంగాకిషన్ చేతిలోని కవరు కింద పడేశాడు. వచ్చి పిల్లను ఎత్తుకుని, భుజం మీది తువ్వాల ఇద్దరి తలల మీదా కప్పుకుని అక్కడే కూర్చున్నాడు.

"బాపూ, పసుపు తడుస్తది..."

"తడవనియ్యి బిడ్డా. నీ కడుపునొప్పి పోయిందా?"

"పోయింది."

"గంతే సాలు."

కనక చిన్న వేలితో తండ్రి కంటి కింద తడిమి చూసింది. తడి లేదు. గంగాకిషన్ పళ్ళ బిగువున ఆపుకుంటున్నాడని భాగ్యకు తెలుసు. కళ్ళ ముందే కొమ్ముల మీద నీళ్ళు కాలువ కడుతున్నాయి. ఏ ఒక్కరూ లేవలేదు. పిల్ల మెల్లగా తండ్రి భుజం మీద తల వాల్చి నవ్వింది.

వాన వెలిసింది. గంగాకిషన్ పిల్లను భాగ్యకు అందించి, కల్లం అవతల చెట్ల వెనక్కి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు.

"బాపు ఏడి అమ్మా?"

"కవర్లు సదురుతుండు" అంటూ భాగ్య బిడ్డ ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.